పగడాల అంగడి నుంచి రొయ్యల గుంట దాకా

2025 ఫిబ్రవరి 7, శుక్రవారం: తిరుపతి

గోవిందరాజస్వామి గుడి పక్క వీధుల్లో పూసల అంగళ్లు చాలా ఉన్నాయి. రుద్రాక్షలు, తులసి మాలలు, స్ఫటికాలు, వాటి మధ్యలో ఎర్రగా పగడాలు. మా చిన్నమ్మ వాళ్ల పెద్దబ్బాయికి కుజదోషం ఉందని, ఉంగరంలో పగడం పెట్టించమని సిద్ధాంతిగారు చెప్పారట. "నువ్వు సముద్రంలో దిగి పగడాలు చూసొచ్చినోడివి కదప్పా, అసలుదో నకిలీదో నీకైతే తెలుస్తాది" అని చిన్నమ్మ నన్ను వెంట తీసుకెళ్లింది.

అంగడాయన మాతో బేరం మాట్లాడకముందే లోపలికి కేకేసి టీలు తెప్పించాడు. కొంటారో కొనరో తెలియకుండానే టీ ఇవ్వడం ఈ వీధి మర్యాద. తర్వాత నల్లటి వెల్వెట్ గుడ్డ మీద మూడు రాళ్లు పెట్టాడు. "ఇది ఇటలీ సరుకు, క్యారెట్ 1,100. ఇది రంగేసింది, 150. ఇది గాజు. గాజుని పగడమని చెప్పి నేనమ్మను సార్. మూడూ పక్కపక్కనే పెట్టినా, మీరే చూసుకోండి." వాళ్ల తాత కాలంలో సరుకు మద్రాసు నుంచి వచ్చేదట. అక్కడ జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ అనే వీధి ఇప్పటికీ ఉంది. 17, 18 శతాబ్దాల్లో మధ్యధరా సముద్రపు పగడాలు ఓడల్లో మద్రాసు చేరేవి, బదులుగా మన వజ్రాలు లండన్ వెళ్లేవి.

ఉంగరంలోకి వెళ్లే ఈ ఎర్ర పగడం వేరు, లక్షద్వీప్‌లో అగత్తి దీవి దగ్గర నేను చూసిన పగడపు దిబ్బలు వేరు. ఎర్ర పగడం వెలుతురు తక్కువగా ఉండే చోట, గుహల్లో, లోతుల్లో బతుకుతుంది. దాని ఎరుపు అస్థిపంజరంలోనే ఉంటుంది. దిబ్బలు కట్టే పగడాల సంగతి అలా కాదు. వాటి ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు, అంటే ఒక రకం నాచు, కాపురం ఉంటాయి. పగడానికి రంగు ఎక్కువగా వాటి వల్లే వస్తుంది, తిండిలో 90 శాతం దాకా అవే పెడతాయి. మామూలుగా ఆ చోట ఎండాకాలంలో ఉండే గరిష్ఠ వేడి కన్నా నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, ఆ శైవలాల నుంచి విషంలాంటి ఆక్సిజన్ రూపాలు పుట్టుకొస్తాయి. పగడం ఆ శైవలాలను బయటకు గెంటేస్తుంది. అప్పుడు పారదర్శకమైన ఒంటి కింద తెల్లటి సున్నపు ఎముక బయటపడుతుంది. పగడాలు తెల్లబడటమంటే ఇదే.

చిన్నమ్మ అంతా విని, "అయితే మావోడి ఉంగరం తెల్లబడదు కదా?" అంది. పడదని చెప్పాను. అయితే సముద్రంలో ఉన్నంత కాలం ఎర్ర పగడానికీ వేడి గండమే. 1999లో, 2003లో మధ్యధరా నీళ్లు వేడెక్కినప్పుడు అవీ గుంపులుగా చచ్చిపోయాయి. ఐదు క్యారెట్ల రాయి 5,000కి తెగింది.

సాయంత్రం చిన్నాయన మేడ మీద కూర్చున్నాం. చిన్నాయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఎదురుగా తిరుమల కొండ. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఆ కొండను గుడి ఉన్న చోటుగానే చూస్తారు. చూపు కాస్త కిందికి దించితే అందులో రెండు కాలాలు కనిపిస్తాయి. పైన నిట్టనిలువుగా నిలబడ్డ ఎర్రటి గోడ క్వార్ట్జైట్, అంటే ఒకప్పటి ఇసుక. కింద ఏటవాలుగా జారినట్టున్నది దాని కన్నా ఎంతో పాతదైన గ్రానైట్. రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఘాట్ రోడ్డులో కనిపించే ఆ అతుకును జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. నేటి దిబ్బలు కట్టే పగడాల వంశం మొదలై సుమారు 24 కోట్ల ఏళ్లు. ఆ ఖాళీలో వాటి చరిత్ర మూడుసార్లు పడుతుంది.

వాన చినుకు గాలిలోంచి వచ్చేటప్పుడు కొంచెం కార్బన్ డయాక్సైడ్‌ని కరిగించుకుంటుంది. పల్చటి ఆమ్లంగా మారి గ్రానైట్‌ని కొరుకుతుంది. రాయిలోని కాల్షియం, గాలిలోంచి వచ్చిన కర్బనం కలిసి ఏటి నీళ్లలో కరిగి సముద్రం చేరతాయి. స్వర్ణముఖి చేసే పనుల్లో ఇదొకటి. "ముప్పై ఏండ్లు ఆ ఏటి మీద పనిచేసినా, నీళ్లు ఎన్ని క్యూసెక్కులని లెక్కేసినాం గానీ నీళ్లలో ఏం పోతా ఉండాదని ఎవురూ అడగలేదు" అన్నాడు చిన్నాయన. సరే, ఆ ఏటి వెంబడే సముద్రం దాకా పోదాం అనుకున్నాం. ప్రయాణం అలా కుదిరింది.

రాత్రికి రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ముద్దపప్పు. హాల్లో షోకేసులో ఒక తెల్లటి కొమ్మ ఉంది. ఎప్పుడో 1990ల్లో రామేశ్వరం యాత్రలో కొన్న పగడం. "ఇది తెల్లగానే ఉంటాదని ఇన్నేళ్లూ అనుకుంటా ఉండానే" అన్నాడాయన. మన ఇళ్లలో చాలామంది చూసిన పగడం చచ్చిపోయిన తర్వాతి రూపమే. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. ఇప్పుడు వాటిని ఏరినా, అమ్మినా, కొన్నా పులి చర్మంతో పట్టుబడినంత నేరం.

ఫిబ్రవరి 8, శనివారం: చంద్రగిరి

చంద్రగిరి రోడ్డులో ఒక రేకుల హోటల్ దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు 40. చెనిక్కాయ చట్నీ అడిగినప్పుడల్లా వేసింది ఆ అమ్మ, నాలుగోసారి తనే అడిగి వేసింది.

చంద్రగిరి కోటలోని రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం. కర్ర వాడలేదు. లోపల పురావస్తు శాఖ మ్యూజియంలో శిల్పాలున్నాయి, బాగున్నాయి, నేను మాత్రం గోడల దగ్గరే ఆగిపోయాను. చిన్నాయనకి సున్నం అంటే ప్రాణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత కాలవ గట్ల మరమ్మతులకు గానుగ సున్నం తిప్పించాడట. ఎద్దులు గుండ్రంగా తిరుగుతుంటే రాతి చక్రం కింద ఇసుక, సున్నం నలిగేవి. కరక్కాయ నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. "సిమెంటు పెట్టిన నాడు గట్టి. సున్నం పెట్టినాక ఏండ్లు గడిచే కొద్దీ గట్టి" అన్నాడు గోడ మీద అరచెయ్యి పెట్టి.

ఆ మాటలో రసాయన శాస్త్రం ఉంది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే 100 కిలోల్లో 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తాయి, 56 కిలోల సున్నం మిగులుతుంది. నీళ్లు కలిపి గోడకు పూస్తే ఆ సున్నం గాలిలోంచి అదే వాయువును నెమ్మదిగా వెనక్కి పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. రాజమహల్ గోడ వందల ఏళ్లుగా గాలిని తిరిగి రాయి చేసుకుంటూ నిలబడింది. నాకు ఆ కట్టడం మీద గౌరవం ఇంకా పెరిగింది.

పగడం చేసేదీ తాపీ పనే, కాకపోతే బట్టీ లేకుండా. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, బైకార్బనేట్ (కర్బనం నీళ్లలో ఉండే ఒక రూపం) తీసుకుని చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పగడాలు సున్నం కట్టి గాలిలోని కర్బనాన్ని తగ్గిస్తాయని చాలాచోట్ల రాస్తుంటారు. నిజానికి సున్నం కట్టేటప్పుడు రెండు బైకార్బనేట్లలో ఒకటి రాయిలోకి పోతే, రెండోది కార్బన్ డయాక్సైడ్‌గా నీళ్లలోకి తిరిగి వస్తుంది. పగడాల విలువ అక్కడ లేదు. సముద్రపు అడుగులో ఒక్క శాతం కూడా లేని ఆ దిబ్బలు సముద్ర జీవజాతుల్లో నాలుగో వంతుకు ఇల్లు, అలల దెబ్బకు తీరానికి అడ్డం. కాపాడుకోవడానికి అది చాలదా?

మనిషి ఆ ఇల్లును కూడా బట్టీలో వేశాడు. తమిళనాడులో మన్నార్ సింధుశాఖ దిబ్బల నుంచి దశాబ్దాలపాటు పగడపు రాళ్లు తవ్వి సున్నానికీ, గోడలకీ వాడారు. ఈ సంగతి చెప్పినప్పుడు చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ షోకేసులోదాన్ని పిల్లోళ్లకి చూపించి ఈ కథ చెప్పాల" అన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం: శ్రీకాళహస్తి

ఆదివారం కావడంతో రాహుకేతు పూజల రద్దీ ఊరంతా నిండి ఉంది. దర్శనం గురించి రాయను. వాయులింగం ముందు దీపం కదులుతుంటే నా బుర్రలో మాత్రం ఒక లెక్క తిరిగింది. మనం గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రం మింగుతోంది. భూమి మీద పేరుకుపోతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా కూడా సముద్రానిదే. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లలో 280 పాళ్లు ఉండిన ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. సముద్రం లేకపోతే ఇంకా ఎంత ఉండేదో.

గుడి బయట గోలీసోడా తాగాం, 20 రూపాయలు. ఎండలో పెట్టిన సోడా చప్పగా అయిపోతుంది, ఐసులో పెట్టింది చురుక్కుమంటుంది. సముద్రమూ అంతే. చల్లటి నీళ్లు ఎక్కువ వాయువును పట్టుకుంటాయి, వేడెక్కే కొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. ధ్రువాల దగ్గర చల్లబడి బరువెక్కిన నీళ్లు కర్బనాన్ని మోసుకుని అడుగుకు దిగి, వందల ఏళ్ల తర్వాత ఎక్కడో పైకి తేలతాయి. వేడెక్కిన సముద్రం మన వాయువును ఇదివరకటిలా మోయలేదన్నది పగడాలతో సంబంధం లేకపోయినా భయపడాల్సిన సంగతే.

మధ్యాహ్నం కలంకారీ చేసే ఒకాయన ఇంటికి వెళ్లాం. దారి అడిగితే ఒకరు కుడి, ఒకరు ఎడమ చెప్పారు. చివరికి ఒక పిల్లాడు సైకిల్ దిగి, నడిపించుకుంటూ గుమ్మం దాకా తీసుకెళ్లి, చిన్నాయన ఇచ్చిన పది రూపాయలు వద్దని పోయాడు. ఇంట్లో కరక్కాయ రసంలో తడిపి ఆరేసిన గుడ్డలు, పటిక గిన్నెలు, బెల్లంలో ఇనుము ఊరబెట్టిన నల్లటి రంగు వాసన. మత్స్యావతారం బొమ్మ గీస్తున్నాడాయన. చేప చుట్టూ అలలు, అలల కింద చిన్న చిన్న కొమ్మల్లాంటివి. అవి పగడాలట. "ఎప్పుడూ చూడలేదు సార్. మా నాయన ఇట్లా గీసేవాడు, నేనూ అట్లనే గీస్తా." కొమ్మలకు ఎరుపు వేశాడు.

ఫోన్లో అగత్తి ఫొటోలు చూపించాను. గోధుమ, ఆకుపచ్చ, ఊదా రంగుల కొమ్మలు. ఆ పక్కనే 2024 వేసవి ఫొటోలు. కొమ్మ కొమ్మా తెలుపు. లోతు తక్కువ, నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఎండ పడి ఆ తెలుపు మెరిసిపోయింది. పడవలో నాతో వచ్చినవాళ్లు ఎంత అందంగా ఉందో అని ఫొటోలు తీసుకున్నారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. మాట రాలేదు.

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, బొమ్మ పెద్దది చేసి చూశాడు. "గుడ్డకి రంగు పోతే మళ్లీ వేస్తాం. దీనికి పోయిన రంగు తిరిగొస్తాదా?" అన్నాడు.

వస్తుంది, వేడి తొందరగా తగ్గితే. తెల్లబడ్డ పగడం వెంటనే చావదు. పస్తులతో కొన్ని వారాలు బతుకుతుంది. ఈలోగా నీళ్లు చల్లబడితే ఒంట్లో మిగిలిన శైవలాలు పెరిగి రంగు తిరిగొస్తుంది. వేడి నిలిచిపోతే ఆకలితో చచ్చిపోతుంది, ఎముక మీద పాచి పడుతుంది. దిబ్బ కోలుకోవాలంటే పదేళ్లయినా తెరిపి కావాలి. ఆ తెరిపే ఇప్పుడు దొరకడం లేదు. ప్రపంచమంతటా పగడాలు తెల్లబడ్డ ఘట్టాలు 1998లో ఒకటి, 2010లో ఒకటి, 2014 నుంచి 2017 దాకా ఒకటి. నాలుగోది 2023లో మొదలైంది, 2024 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు, నేనిది రాస్తున్న నాటికీ ఆగలేదు. లక్షద్వీప్ ఈ నాలుగింట్లోనూ దెబ్బతింది.

మత్స్యావతారం పూర్తికావడానికి ఇంకా వారాలు పడుతుందన్నాడు. చిన్నది, చేపల జంట ఉన్నది 1,800కి తీసుకున్నాను. బేరం ఆడలేదు. గుడ్డలు ఉతకడానికి పారే నీళ్లు కావాలని, ఏట్లో నీళ్లున్న నెలలు తక్కువవుతున్నాయని పంపించేటప్పుడు చెప్పాడు. ఊరు దాటేటప్పుడు చూశాం, స్వర్ణముఖిలో ఇసుకే ఉంది.

ఫిబ్రవరి 10, సోమవారం: సూళ్లూరుపేట, పులికాట్

కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి. ఈ గుడి తలుపులు రాత్రి కూడా మూయరు. రాకెట్ ఎగరేసే ముందు ఇస్రో పెద్దలు వచ్చి దండం పెట్టుకునేది ఇక్కడే. ఎదురుగా టీకొట్టాయన మాటల్లో ఇంకా జనవరి 29 వేడి తగ్గలేదు. "పొద్దున 6 గంటల 23 నిమిషాలకి, నూరో రాకెట్టు! చలిలో ఊరంతా మేడలెక్కింది సార్."

ఏ ఉపగ్రహం ఎందుకు పోయిందో మన జిల్లాలో ఎంతమందికి తెలుసు? 1999 మే 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్ పని సముద్రపు రంగు చూడటం. 2009లో దాని తర్వాతిది, 2022 నవంబర్ 26న మూడోది పోయాయి. మూడోదానికి నీటి వేడి కొలిచే పరికరం కూడా ఉంది. నీళ్లలో పచ్చదనం ఎంతుందో చూస్తే ఎంత నాచు పెరుగుతుందో తెలుస్తుంది. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సగం దాకా ఆ కంటికి కనిపించని తేలే నాచుదే. అది చచ్చి, చేపల మలంతో కలిసి అడుగుకు రాలుతూ కర్బనాన్ని లోతుకు దింపుతుంది. ఇక హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం, ఉపగ్రహాలు పంపిన నీటి వేడి లెక్కలతో పగడాలకు బ్లీచింగ్, అంటే తెల్లబడే ముప్పు, హెచ్చరికలు ఇస్తుంది. లక్షద్వీప్, అండమాన్, మన్నార్, కచ్ దిబ్బలకు ఎప్పుడు గండం ఉందో చెప్పేది మన తెలుగు నేల మీది ఆఫీసే. ఇది విని టీకొట్టాయన, "మాకు పొగ ఒక్కటే తెలుసు" అని రెండో టీకి డబ్బులు తీసుకోలేదు.

శ్రీహరికోట రోడ్డుకు రెండు వైపులా సరస్సు. ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు ముంచి బురద వడకడుతున్నాయి. వాటి గులాబీ రంగు తినే తిండిలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల నుంచి వస్తుంది. చిన్నమ్మ కొన్న పగడం ఎరుపు కూడా ఆ జాతి రంగుదే. దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు.

భీములవారిపాలెం నుంచి పడవలో ఇరకం దీవికి వెళ్లాం, మనిషికి 50. పడవలో కూర్చోగానే "యా ఊరు?" అన్నారు. తిరుపతి అనగానే అందరి కళ్లూ చిన్నాయన సంచీ మీద పడ్డాయి. ఆయనకు ఈ సంగతి తెలుసు. ఎక్కడికి పోయినా లడ్డూలు పెట్టుకునే బయల్దేరతాడు. పొట్లం విప్పి చిదిమి పంచాడు. ప్రతి ఒక్కరూ కళ్లకద్దుకుని తిన్నారు, ఒకామె సగం కొంగుకు కట్టుకుంది. ఆ తర్వాత మాకు పడవలో మంచి చోటు దొరికింది.

నీళ్లు చాలాచోట్ల మోకాలి లోతు కూడా లేవు. సముద్రంతో కలిపే రాయదొరువు ముఖద్వారం పూడిపోవడంతో కొత్త నీళ్లు రావడం లేదని, రొయ్య తగ్గిందని పడవ నడిపే అబ్బాయి చెప్పాడు. యానాది ఆడవాళ్లు నీళ్లలో కూర్చుని చేతులతోనే తడుముతూ రొయ్యలు పడుతున్నారు. నడుముకు కట్టుకున్న బుట్టలో వేస్తున్నారు. ఎండ నెత్తిన ఉంది. వాళ్ల వైపు కెమెరా ఎత్తబుద్ధి కాలేదు.

దీవిలో ఒకరింట్లో అన్నం తిన్నాం. పీతల పులుసు, మామిడికాయ వేసిన చేపల కూర, చారు. మనిషికి 200 ఇస్తే నూట యాభై చాలంది. అరుగు మీద ఒక ముసలమ్మ తాంబూలం వేసుకుంటోంది. ఒకప్పుడు సరస్సు అడుగున గుల్లలు తట్టలతో ఎత్తి బట్టీలకు తోలేవాళ్లట. "గుల్ల సున్నం తెల్లగా ఎన్నెల మాదిరి ఉంటాది నాయనా. ఇప్పుడొచ్చేది నోరు కాలస్తాది." ఆల్చిప్ప, నత్త, పగడం అన్నీ ఒకే సరుకు కడతాయి, కాల్షియం కార్బనేట్. చిన్నాయన ఆమె డబ్బాలోంచి చిటికెడు సున్నం తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, బాగుందన్నట్టు తలూపాడు.

గట్ల వెంట ఉప్పుమొక్కలు, అక్కడక్కడా మడ చెట్లు. ఆ బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి రాలిన ఆకు పూర్తిగా కుళ్లదు. కర్బనం వందల ఏళ్లు అక్కడే పూడిపోతుంది. ఎకరాల లెక్కన చూస్తే చాలా అడవుల కన్నా ఈ బురద ఎక్కువ దాస్తుంది. పనికిరాని చవుడు అని రికార్డుల్లో రాసుకునే నేల ఇది.

ఫిబ్రవరి 11, మంగళవారం: తూపిలిపాలెం, వాకాడు

తూపిలిపాలెం తీరంలో పొద్దున్నే వలలు లాగుతున్నారు. ఇక్కడ దిబ్బలు కట్టే పగడాలు లేవు. ఉండలేవు. పగడానికి తేటనీళ్లు, ఎండ, నిలకడగా ఉప్పు కావాలి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు, ఒండ్రు బంగాళాఖాతం పైపొరనే మార్చేస్తాయి. ఆ ఒండ్రు వృథా కాదు. రాలే నాచుకు బరువు కట్టి తొందరగా అడుగుకు దింపుతుంది. గంగ, బ్రహ్మపుత్రలు మోసుకొచ్చిన మట్టి సముద్రం అడుగున ప్రపంచంలోకెల్లా పెద్ద విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంది. హిమాలయాల ఆకులూ అలములలోని కర్బనం అక్కడ సమాధి అవుతోంది.

వల లాగిన అరగంటకు వచ్చింది ఒక గంపెడు చేప. చిన్నవే ఎక్కువ. పెద్దాయన ఒకరు మాకు కిలో 250కి ఇచ్చి, తనే శుభ్రం చేయించి, ఎవరింట్లో వండించుకోవచ్చో కూడా చెప్పాడు.

తిరుగు దారిలో ఫోన్ మ్యాప్ నమ్ముకుని వెళితే తారు రోడ్డు మట్టి రోడ్డయింది, మట్టి రోడ్డు గట్టయింది, గట్టు చివర రొయ్యల గుంటలు. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడులో మా కారు హారన్ ఎవరికీ వినబడలేదు. గుంట యజమాని, ముప్పై ఐదేళ్ల మనిషి, మోకాళ్ల దాకా బురదతో వచ్చి దారి చెప్పకుండా ముందు మంచినీళ్లు ఇచ్చాడు. ఆయన చేతిలో నోటు పుస్తకం ఉంది. పొద్దున పీహెచ్, సాయంత్రం పీహెచ్, ఆల్కలినిటీ, డీఓ, మేత. పీహెచ్ నీళ్ల ఆమ్లత్వపు కొలత, అది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు. ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్.

ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు నిలబడింది ఆ గుంట గట్టు మీదే. ఆయనకు కర్బన చక్రం అనే మాట తెలియక్కర్లేదు, రోజుకు రెండుసార్లు చూస్తున్నాడు. రాత్రంతా రొయ్య, నాచు, బురద ఊపిరి వదిలితే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి తెల్లవారేసరికి పీహెచ్ పడిపోతుంది. పగలు నాచు దాన్ని తినేస్తే మధ్యాహ్నానికి పెరుగుతుంది. "ఆల్కలినిటీ తగ్గిందంటే టెన్షనే సార్. రొయ్య గుల్ల వదిలినాక కొత్త గుల్ల గట్టిపడదు. మెత్తగా ఉన్న రొయ్యని పక్క రొయ్యలే తినేస్తాయి." అందుకే సున్నం, డోలమైట్, సోడా చల్లుతుంటాడు. బస్తాలు గట్టు మీద పేర్చి ఉన్నాయి.

సముద్రం పైనీళ్ల పీహెచ్ పారిశ్రామిక యుగం నుంచి ఇప్పటికి 8.2 నుంచి 8.1కి పడిందని చెప్పాను. ఈ సంఖ్య చెబితే నగరాల్లో నా స్నేహితులు ఇంతేనా అంటారు. ఆయన అనలేదు. "సముద్రం మొత్తం? పొద్దుటిదా, సాయంత్రందా? సగటా!" అని నోటు పుస్తకం మూసేశాడు. ఆ 0.1 అంటే ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగినట్టు. వాయువు కరిగే కొద్దీ నీళ్లలో కార్బనేట్ తగ్గుతుంది, పగడానికీ ఆల్చిప్పకీ గుల్ల కట్టడం కష్టమవుతుంది. వేడికి తెల్లబడి, పస్తులుండి, ఇల్లు కట్టుకోవడానికి సున్నమూ కరువైతే పగడం ఎలా నిలుస్తుంది?

"మా గుంటకి మేం చల్లతాం. సముద్రానికి సున్నం ఎవరు చల్లతారు సార్?"

చిన్నాయన నా వైపు చూశాడు. జవాబు ఆయనే చెప్పాడు. "కొండలే నాయనా. మా తిరుపతి కొండ రాయి వానకి అరిగి, స్వర్ణముఖిలో కలిసి, ఈడికే వస్తా ఉండాది." నిజమే. సముద్రానికి ఆ పని చేసేది రాళ్లు, ఏళ్లు, లోతుల్లో పేరుకున్న పాత గుల్లల పొరలు. కాకపోతే ఆ పనికి వేల ఏళ్ల నుంచి లక్షల ఏళ్లు పడుతుంది. మనం వాయువును వదులుతున్నది రెండు వందల ఏళ్లలో. సముద్రంలో సున్నం కలపాలని ప్రయోగాలు చేస్తున్నవాళ్లు ఉన్నారు. సున్నపురాయిని కాల్చి చేసే సున్నమైతే బట్టీలోంచి 100కి 44 మళ్లీ గాల్లోకే పోతుంది. వాయువు పుట్టే చోట ఆపడం తప్ప దగ్గరిదారి నాకు కనిపించలేదు, అదే చెప్పాను. భూమి సగటు వేడి పారిశ్రామిక యుగానికి ముందు కన్నా 1.5 డిగ్రీలు పెరిగితే ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలైతే దాదాపు ఏమీ మిగలవని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2018లోనే రాసింది. 2024 ఒక్క ఏడాది సగటు ఆ 1.5 గీత దాటింది.

ఆయన ఏరేటర్ల వైపు చూపించాడు. "ఇవి తిరిగే కరెంటూ బొగ్గుదే కదా?" అన్నాడు. గుంట గట్టు మీద సోలార్ పెట్టిస్తే ఎంతవుతుందో, సబ్సిడీ దొరుకుతుందో లేదో చిన్నాయనతో చాలాసేపు మాట్లాడాడు. తన ఆఫీసు రోజుల పరిచయాలు గుర్తుచేసుకుని చిన్నాయన ఒక కాగితం మీద ఎవరిని కలవాలో, ఏ అర్జీ పెట్టాలో రాసిచ్చాడు. మేం బయల్దేరేసరికి మధ్యాహ్నం రెండైంది, చేపలు ఐసులో ఉన్నాయి. ఆయన బైకు మీద ముందు వెళుతూ వాకాడు తారు రోడ్డు దాకా దారి చూపించాడు.

హైదరాబాద్ వచ్చాక ఆయన నుంచి వాట్సాప్‌లో రోజూ రెండు అంకెలు వస్తున్నాయి. పొద్దున 7.8, సాయంత్రం 8.3. నేను బదులుగా ఇన్‌కాయిస్ హెచ్చరికల పటం పంపుతున్నాను. లక్షద్వీప్ దగ్గర నీళ్లు వేడెక్కేది ఏప్రిల్, మే నెలల్లో. సోలార్ అర్జీ పెట్టానని నిన్న రాశాడు.